‘విశ్రాంత’ అనే విశేషణంపై ఒక ఆక్షేపణ

పెళ్లి పత్రికల్లో, సన్మాన పత్రాల్లో, కాలనీ సంఘం నోటీసుల్లో నన్ను ‘విశ్రాంత ఉద్యోగి’ అని రాస్తున్నారు. దీనిపై నా తీవ్రమైన ఆక్షేపణను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

ఉద్యోగి అనే మాటతో నాకు పేచీ లేదు. దాని ముందు తగిలించిన విశేషణంతోనే పేచీ. నీటిపారుదల శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. ఆ ముప్పై ఆరేళ్లూ మధ్యాహ్నం క్యారియరు ఖాళీ చేశాక, ఫైళ్ల చాటున కుర్చీలో ఇరవై నిమిషాలు కన్ను మూసుకునే సంప్రదాయం మా సెక్షనులో ఉండేది. విశ్రాంతి అంటే అది. 2016 అక్టోబరు 31న శాలువా కప్పి, మెడలో దండ వేసి, చేతిలో గోడగడియారం పెట్టి, ఆ ఇరవై నిమిషాలను నా నుంచి శాశ్వతంగా స్వాధీనం చేసుకున్నారు. ఇక వేళతో పని లేని మనిషికి గడియారం ఎందుకా అని ఆ రోజు ఆశ్చర్యపోయాను. మా ఆవిడ దాన్ని వంటింట్లో నా కుర్చీకి ఎదురుగా తగిలించిన తర్వాత ఆ సందేహం తీరింది.

మా ఆవిడ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. 2019లో ఆమె కూడా రిటైరైంది. ఒక ఇంట్లో ఒక పెన్షనరు ఉంటే అది ఇల్లే. ఇద్దరుంటే అది రెండు శాఖల సచివాలయం. నీటిపారుదలకూ విద్యకూ మధ్య సమన్వయ సమావేశం ప్రతి ఉదయం కాఫీ గ్లాసుల దగ్గర జరుగుతుంది. నేను అజెండా ప్రవేశపెడతాను. అప్పటికే ఆమె తీర్మానం చేసి ఉంటుంది.

పోయిన మంగళవారాన్నే నమూనాగా తీసుకుందాం. పండుగ కాదు, పెళ్లి కాదు, ఎవరూ పోలేదు కూడా.

తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చింది. వచ్చింది అనడం సరి కాదేమో. ఈ వయసులో మెలకువ ఎక్కడికీ పోదు, మంచం పక్కనే కూర్చుని ఉంటుంది. మా వీధి కొళాయికి అది వేళ. నేను టార్చిలైటుతో వెళ్లి సంపు మూత తీసి, వెదురు కర్ర దించి మట్టం చూశాను. కర్ర మీద అంగుళాల గీతలు స్వయంగా నేనే గీశాను, అయిదంగుళాలకు ఒకసారి ఎర్ర రంగుతో, శాఖాపరమైన పద్ధతిలో. చూసిన మట్టాన్ని రిజిస్టరులో ఎక్కించాను. తేదీ, సమయం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, రిమార్కులు. మొత్తం ఆరు గళ్లు.

నిల్వను లీటర్లలో రాయను. లీటర్లు పాలవాడికీ పెట్రోలు బంకుకూ సంబంధించిన విషయం. జీవితమంతా టీఎంసీల్లో ఆలోచించిన మనిషి, రిటైరయ్యాడన్న ఒక్క కారణానికి లీటర్లలోకి దిగజారలేడు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,831 కోట్ల లీటర్లు. మా డాబా మీది ట్యాంకు వెయ్యి లీటర్లది. దాన్ని టీఎంసీల్లో చెప్పాలంటే దశాంశ బిందువు తర్వాత సున్నలు బారులు తీరుతాయి కనుక, ఆ గడిని మాత్రం కాస్త వెడల్పుగా గీసుకున్నాను.

ఆరింటికి నడక. ఇది డాక్టరుగారి ఉత్తర్వు.

కర్నూలుకు ఆ పేరు ఎలా వచ్చిందో ఇక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఈ ఒడ్డున ఆగి, ఇరుసులకు కందెన రాసుకునేవారట. ఆ కందెనే కందనవోలై, కందనవోలు కర్నూలైందని కథ. కందెన కోసమే పుట్టిన ఊళ్లో మా ఇద్దరివీ కలిపి నాలుగు మోకాళ్లలో గుజ్జు అయిపోయిందని డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూపించారు. చారిత్రకంగా ఇది చాలా విచారించవలసిన విషయం.

అయినా ఆమె నాకంటే పదడుగులు ముందే నడుస్తుంది. పిల్లలను విహారయాత్రలకు తీసుకెళ్లిన అలవాటు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి తలలు లెక్కపెడుతుంది. ఇప్పుడు లెక్కకు వచ్చే తల నాది ఒక్కటే. అయినా తిరిగి చూస్తుంది.

కేసీ కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ గట్టున, వినాయక ఘాట్ దగ్గర నేను తప్పనిసరిగా ఆగుతాను. ఆమె దీన్ని ఆయాసం అంటుంది. నేను తనిఖీ అంటాను. అక్కడ నాతోపాటు నడిచేవాళ్లు “ఎంత పోతోంది సార్?” అని అడుగుతారు. కళ్లు చికిలించి, గడ్డిపోచ ఒకటి ఎంత వేగంగా కొట్టుకుపోతోందో చూసి, “ఎనిమిది వందల క్యూసెక్కులకు తగ్గదు” అంటాను. ఆ అంకెను సరిచూసే యంత్రాంగం ఆ గట్టు మీద లేదు. సర్వీసులో ఉండగా ఇంత స్వేచ్ఛ ఏనాడూ ఎరుగను.

ఈ కాలువ సంగతే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో ఒక కంపెనీ దీన్ని పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వింది. కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. పడవలు పోయాయి, పొలాలు మిగిలాయి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీని పేరిట 39.9 టీఎంసీలు రాసింది. అంటే ఒక ఉద్యోగం ఊడి, మిగిలిన ఉద్యోగంలో ఇప్పటికీ ఒళ్లు వంచుతున్న కాలువ ఇది. దీన్ని ‘విశ్రాంత కాలువ’ అని ఇంతవరకు ఎవరూ రాసినట్టు నా దృష్టికి రాలేదు.

ఊరి సంగతి ఇంకా అన్యాయం. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఉద్యోగంలో చేరింది. గుడారాలు వేసి మరీ కార్యాలయాలు నడిపారు. 1956 అక్టోబరు 31తో ఉద్యోగం అయిపోయింది. మర్నాటి నుంచి ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు. మొత్తం సర్వీసు మూడేళ్ల ఒక నెల. పెన్షనుకు పదేళ్లయినా ఉండాలి కాబట్టి ఆ దారీ లేదు. గ్రాట్యుటీ కింద ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు మాత్రం మిగిలాయి. 2020లో న్యాయ రాజధానిగా పునర్నియామకం అన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. నేను పుట్టింది ఊరి సర్వీసు ముగిసిన ఆ నెలలోనే. ఊరు రిటైరైన తేదీకే, సరిగ్గా అరవై ఏళ్ల తర్వాత నేనూ రిటైరయ్యాను. అందుకే కొండారెడ్డి బురుజు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా దాన్ని ఒక సీనియర్ సహోద్యోగిలా పలకరిస్తాను. అదీ పగలంతా ఎండలో నిలబడే ఉంటుంది. దాన్ని కూడా ఎవరూ కూర్చోమనరు.

సి క్యాంపు రైతుబజారులో కూరగాయలు, ఇంటికి వచ్చి ఉగ్గాని. బజ్జీని డాక్టరుగారు నిషేధించారు. బజ్జీ లేని ఉగ్గాని అంటే గేట్లు లేని బ్యారేజీ. దీని గురించి ఇంతకంటే రాయడం మంచిది కాదు, మా ఆవిడ చదువుతుంది.

తర్వాత పత్రిక. అందరూ రాశిఫలాలు చూసే వేళకు నేను జలాశయాల మట్టాలు చూస్తాను. శ్రీశైలం తన నిండు మట్టం 885 అడుగులకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో, తుంగభద్ర డ్యాం తన 1,633కు ఎంత తక్కువో తెలియకుండా ఆ రోజు నాకు మొదలు కాదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మూడు రోజులు అన్నం సహించలేదు. మా అబ్బాయి ఫోను చేసి, “నాన్నా, మీరు రిటైరయ్యారు” అని గుర్తుచేశాడు. నేను రిటైరయ్యాను నిజమే, గేటు కాలేదు కదా!

పది గంటలకు మా ఇంటి ఆడిటు మొదలవుతుంది. మా వీధిలో అందరూ ఉద్యోగస్థులే. తొమ్మిది ఇళ్ల తాళంచెవులు మా వరండాలో మేకుకు వేలాడుతున్నాయి. పార్సిళ్లు తెచ్చే కుర్రవాళ్లు ఇంటి నంబర్లు చూడటం ఎప్పుడో మానేశారు, నేరుగా మా గేటు దగ్గరే బండి ఆపుతారు. ఆ మంగళవారం ఒక్క పూటలో ఎవరిదో మిక్సీ, ఎవరివో చెప్పులు, ఒక పసిపిల్లవాడి ఊయల, తిరిగి పంపవలసిన ఒక జత ప్యాంట్లు మా చేతుల మీదుగా బదిలీ అయ్యాయి. ఓటీపీ కోసం నేను నాలుగు కార్యాలయాలకు ఫోను చేశాను. గ్యాసు బండ దించించుకోవడం, ఎలక్ట్రీషియన్ పనిని దగ్గరుండి చూడటం, ఎదురింటి పెద్దావిడకు రక్తం తీయడానికి వచ్చే మనిషికి తలుపు తీయడం వీటికి అదనం. ప్రతి ఫోనూ ఒకే మాటతో మొదలవుతుంది: “మీరు ఇంట్లోనే ఉంటారు కదా సార్.” విశ్రాంత అనే సంస్కృత పదానికి వాడుక తెలుగులో సరైన అనువాదం ఇదే.

పదకొండున్నరకు, మేమిద్దరం బతికే ఉన్నామని నిరూపించుకోవడానికి బయలుదేరాము.

పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినోత్సవం జరుపుకుని, ఆ తీర్పును ఒకరికొకరం మళ్లీ చెప్పుకుంటాం. హక్కే, సందేహం లేదు. కాకపోతే ప్రాణం ఉండటం ఆ హక్కుకు షరతు. నా విషయంలో ఇది ఇంకా కఠినం. రిటైరైనప్పుడు పెన్షనులో నలభై శాతం అమ్ముకుని, ఆ సొమ్మును కమ్యుటేషన్ పేరిట ఒకేసారి తీసుకున్నాను. కోత పోయి పూర్తి పెన్షను చేతికి రావాలంటే పదిహేనేళ్లు ఆగాలి, అంటే 2031. అప్పటిదాకా బతకడం నాకు కోరిక కాదు, ఆర్థిక క్రమశిక్షణ.

2014లో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చినప్పటి నుంచి బొటనవేలు నొక్కితే చాలు. నా వేలు మూడో ప్రయత్నంలో పనిచేసింది. నేను అధికారికంగా సజీవుడినయ్యాను. మా ఆవిడది పడలేదు. ఆపరేటరు కుర్రవాడు ఆమె చేత బొటనవేలు పెట్టించాడు, చూపుడువేలు పెట్టించాడు, ఎడమ చేయి పెట్టించాడు. పరికరాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. వేలికి కాస్త నూనె రాసి చూశాడు. చివరికి ఆమె అరచేతిని వెలుతురుకు తిప్పి, “గీతలు అరిగిపోయాయమ్మా” అన్నాడు. నేనూ వంగి చూశాను. వేలి కొస నున్నగా, ఏటి ఒడ్డున గులకరాయిలా ఉంది. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క. అంతకంటే ఎక్కువ కాలం అంట్లగిన్నెలు. ఈ అరుగుదలలో ఏ శాఖ వాటా ఎంతో తేల్చాలంటే ట్రిబ్యునల్ వేయవలసిందే.

“ముఖంతో చేద్దాం. ఫోను వైపు చూసి కళ్లార్పండి” అన్నాడు కుర్రవాడు.

ఆమె చూసింది. ఆర్పలేదు. అరవై మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని బెత్తం లేకుండా కూర్చోబెట్టిన చూపు అది. రెప్ప వేస్తే వెనక బెంచీ లేస్తుందని ఆమెకు అనుభవం. ఫోను తడబడి, ముఖం గుర్తించలేకపోయానని చెప్పింది. మళ్లీ పెట్టారు. మళ్లీ అదే. “అమ్మా, ఒక్కసారి ఆర్పండమ్మా” అని కుర్రవాడు బతిమాలుతున్నాడు. వెనక వరుసలో మరో ఆరుగురు తమ ప్రాణాలు రుజువు చేసుకోవడానికి నిలబడి ఉన్నారు. ఈ ప్రతిష్టంభనలో నీటిపారుదల శాఖ జోక్యం చేసుకోక తప్పలేదు.

“ఏమే, మోటారు ఆపి వచ్చామా?” అన్నాను.

టపటపా రెండుసార్లు ఆర్పింది. సర్టిఫికెట్ వచ్చింది.

ఆటో ఎక్కాక తెలిసింది, నిజంగానే ఆపలేదని.

మేము వెళ్లేసరికి ట్యాంకు పొర్లి, సన్‌షేడ్ మీదుగా పక్కింటి మేడ మీదికి ధార కట్టింది. అక్కడ వాళ్ల అమ్మాయి పురిటికి వచ్చిందని ఆరబెట్టిన గుమ్మడి వడియాలు మూడు చాపల నిండా ఉన్నాయి. “ఏమండీ, గేట్లన్నీ ఎత్తేసినట్టున్నారు” అంది మా ఆవిడ. రిమార్కుల గడిలో ‘దిగువకు విడుదల’ అని రాశాను. ముంపు బాధితులకు పరిహారం చెల్లించాలని అక్కడికక్కడే నిర్ణయించి, పంపిణీ బాధ్యతను విద్యాశాఖకు అప్పగించాను. ఆమె మినప్పప్పు నానబోసింది.

మా ఇంట్లో ముంపు అనే మాటను నవ్వుతూ అనడానికి చాలా ఏళ్లు పట్టింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. అప్పుడు పాతబస్తీలో ఉండేవాళ్లం. నేను గేజి డైరీ చంకలో పెట్టుకుని డాబా ఎక్కాను. ఆమె దుప్పటిలో ఏదో మూటకట్టి ఎక్కించింది. నగలో, బియ్యమో అనుకున్నాను. విప్పితే త్రైమాసిక పరీక్షల జవాబు పత్రాలు. కింద నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కుతుంటే నేను లెక్కపెడుతూ కూర్చున్నాను, ఆమె దిద్దుతూ కూర్చుంది. వాన జల్లుకు ఎర్రసిరా కారి కొందరికి మార్కులు చెరిగిపోయాయి. చెరిగిన వాళ్లందరికీ పాసు మార్కులు వేసింది. ఆమె సర్వీసులో అదొక్కటే అవకతవక. ఆ ఇల్లు ఇప్పుడు అద్దెకిచ్చాము. గోడ మీద నీరు నిలిచిన గీత నా ఛాతీ ఎత్తున ఉంది. సున్నం వేసేవాడు వచ్చినప్పుడల్లా చెరిపేయమంటారా అని అడుగుతాడు. అది ప్రభుత్వ రికార్డు, చెరపకూడదని చెబుతాను.

రెండు గంటలకు పడుకున్నాను. రెండూ పదికి ఎవరో ఊయల కోసం వచ్చారు.

సాయంత్రం వరండాలో ట్యూషన్. జీతం లేదు, సెలవు లేదు, హాజరు పట్టీ మాత్రం ఉంది. వీధి పిల్లలు పదకొండు మంది, ఒకడు రెండు వీధుల అవతలి నుంచి. త్రికోణమితి జరుగుతుండగా నేను కాఫీ అడిగితే, క్లాసు మధ్యలో లేచినందుకు నన్నే మందలించింది. కాఫీ మాత్రం అయిదు నిమిషాల్లో వచ్చింది. పిల్లలకు తలా రెండు బిస్కెట్లు కూడా.

ఏడున్నరకు అబ్బాయి ఫోను. తెరలో మనవరాలు తన కొత్త పన్ను చూపించింది. అబ్బాయి, “మీకేం పని నాన్నా, ఇద్దరూ హాయిగా రెస్ట్ తీసుకోండి” అన్నాడు. అని, ఇంటి పన్ను కట్టడం, బ్యాంకులో ఒక సంతకం, ఊరి పొలం అడంగల్ నకలు అని మూడు పనులు అప్పగించాడు. పచ్చడి జాడీ సంగతి వాళ్ల అమ్మతో విడిగా మాట్లాడాడు. టీవీలో వార్తలు చూశాం, వాటి గురించి చెప్పవలసిందేమీ లేదు.

తొమ్మిదిన్నరకు రిజిస్టరు ముగింపు. ఆ రోజు ట్యాంకు పూర్తి నిల్వను నా వెడల్పాటి గడిలో 0.000000353 టీఎంసీలు అని రాసి, కింద సంతకం చేశాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, భుజం మీదుగా చూసి, ఎర్ర పెన్ను తీసి గుండ్రంగా సున్న చుట్టింది.

“ఒక సున్న తక్కువైంది. మీ ట్యాంకు పదింతలైంది” అంది.

పక్కన పదికి ఆరు వేసింది. అందులో రెండు చేతిరాతకట.

అదే అదనులో ఈ ఆక్షేపణ చిత్తుప్రతిని కూడా ముందుపెట్టాను. కళ్లజోడు సవరించుకుని చదివింది. అక్షరదోషాలు రెండు దిద్దింది. మొదటి వాక్యానికి వెనక్కి వచ్చి, ‘నన్ను’ అన్న మాట కింద గీత గీసి, మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం పెట్టింది.

“అందులో తప్పేముంది?” అన్నాను.

“తప్పని అనలేదండీ. పాలు చల్లారిపోతున్నాయి, తోడు పెట్టి వస్తాను” అని వంటింట్లోకి వెళ్లింది. గడియారం పది దాటింది.